చేపపిల్లల గురించి కంగారు పడను

సోమవారం
ఈ రోజు నుంచి కంగారు పడను. ఖాయం!
మ్యూన్‌స్టర్‌లో జీబ్రా చేపల గదిలో తొట్లు కడగడం నా పని. అక్కడ పరిశోధన చేసే వీబ్కె పొద్దున్నే బతిమాలింది: "హెడ్విగమ్మా, బతికున్నాయా బతికున్నాయా అని మాటిమాటికీ రాకండి. మీరు తలుపు తీస్తే నా గుండె ఆగుతోంది."
పాపం, దాని బాధ దానిది. దాని చేపపిల్లల్లో లింఫు గొట్టం పుట్టడం లేదు. గొట్టం లేకపోతే ఒంట్లో నీరు పోయే దారుండదు, బూరెల్లా ఉబ్బిపోతాయి. ఈసారి గొట్టం పెరగడానికి వాటిలో లోపించిన పదార్థాన్ని మందులా, ఈ పొద్దున పెట్టిన గుడ్లలోకే ఎక్కించింది. ఐదు రోజులు నిండేసరికైనా గొట్టం కనబడకపోతే పరిశోధన మూసేసి ఊరు వదలాలట.

బుధవారం
కంగారు లేదు. రెండుసార్లే అడిగాను. మూడోసారి అడిగింది నీళ్ల గురించి.
గొట్టం కట్టాల్సిన కణాలు కొన్ని పెద్ద సిర నుంచి బయటికొచ్చి పైకి ఎక్కుతున్నాయట.
"దారి ఎవరు చూపిస్తారు?"
"పక్కనున్న రక్తనాళాన్ని పట్టుకుని పోతాయి."
పట్టు జారితే? అడగలేదు. గట్టిదాన్ని!

గురువారం
కణాలు ఒంటి మధ్య దాకా వెళ్లి ఆగిపోయాయి. ఆగిపోయాయి!
"కాసేపు ఆగి కిందికి దిగుతాయి, హెడ్విగమ్మా."
"దిగనంటే?"
"మీరు ఇంటికి వెళ్లండి."
వెళ్లాను. గొడుగు మర్చిపోయానని తిరిగొచ్చాను. గొడుగు చేతిలోనే ఉంది. ఇది కంగారు కిందికి రాదు.

శుక్రవారం
దిగాయి! సూక్ష్మదర్శినిలో నన్నూ చూడనిచ్చింది. పెద్ద ధమని కింద పచ్చగా మెరిసే గొట్టం ముక్కలు, కలవడానికి కాస్తే ఎడం. ఆనందం పట్టలేక "అభినందనలు తల్లీ!" అనేశాను.
చచ్చాను. ఐదు రోజులు నిండేది రేపు! రోజు రాకముందే అభినందిస్తే కీడని ఇక్కడ పసివాళ్లకూ తెలుసు.
వీబ్కె మొహం పాలిపోయింది. "ఎంత పని చేశారు! కీడు పోవాలంటే చెక్క మీద కొట్టాలి, త్వరగా!"
ఇంత చదివిన పిల్ల! ఆ గదిలో చెక్క ఏది? అంతా స్టీలు, ప్లాస్టిక్కు. చివరికి చీపురు కర్ర దొరికింది. ఇద్దరం దాన్ని టకటకా కొడుతుంటే ప్రొఫెసరుగారు తొంగిచూశారు.
"ఇదేం పరీక్ష?"
"అదనపు జాగ్రత్తండీ" అంది వీబ్కె.

శనివారం
గొట్టం కలిసింది! ఏ పిల్లా ఉబ్బలేదు. ఒక్క గిన్నెలోవి తప్ప.
"అయ్యో, అవి?"
"వాటికి మందు ఎక్కించలేదు, పోల్చి చూడ్డానికి ఉంచాను. అవి ఉబ్బాలి!" ఏడుస్తోందో నవ్వుతోందో తెలియదు. "ఇప్పుడు చెప్పండి అభినందనలు!"
"సోమవారం గుడ్లు పెట్టింది ఎన్నింటికి?"
వీబ్కె గడియారం చూసింది. ఇంకా పావుగంట ఉంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. కాసేపు నన్ను చూసి, అదీ పక్కన కూర్చుంది.
ఘడియ దాటగానే వాటేసుకుని చెప్పాను.
ఇక పిల్ల ఊళ్లోనే ఉంటుంది. సోమవారం మళ్లీ కొత్త గుడ్లు పెట్టిస్తుందట.
నేనూ సోమవారం నుంచే కంగారు మానేస్తాను. ఈ రెండు రోజులూ కుదరదు. ఉబ్బినవాటి దగ్గర కూర్చోవాలి. వాటికి మాత్రం ఎవరున్నారు?