టాంకులో పంపు సంగతి

పుణె

డీజిలు మరకల చొక్కాలో కూడా దొరలా వెలిగిపోయే మా అన్నయ్యకు,

నీ తమ్ముడు నడుము వంచి నమస్కరించి రాస్తున్నాడు. నేను క్షేమం. నువ్వు, వదిన, పాప కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను. అమ్మ మోకాలు ఎలా ఉంది? ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్ చేస్తే పడవ ఇంజను విప్పుతూ నువ్వు స్పీకర్ పెడతావు, భావనపాడు రేవులో సగం మంది వింటారు. ఇది సగం మంది వినే సంగతి కాదు.

ఇక్కడ వాన వదలడం లేదు. పప్పులో బెల్లం వేస్తారు, క్షమించేశాను. ఒంట్లో బాగానే ఉంది, బెంగ పెట్టుకోకండి.

మా గ్యారేజీలో ఖరీదైన పెట్రోలు కార్లకు హార్స్‌పవర్ పెంచుతాం. వీటిలో పంపులు రెండు. టాంకులోది పెట్రోలును ఇంజను దాకా తెస్తుంది. ఇంజను మీదున్న పెద్దది దాన్ని గట్టిగా ఒత్తి నేరుగా సిలిండర్లోకి చిమ్మిస్తుంది. పవర్ పెరిగితే రెండూ దానికి సరిపోవాలి. బీటెక్ చదివిన నీ తమ్ముడు పెద్దదాన్ని మార్పించి, చిన్నదాన్ని చూడకుండానే చూశానని కాగితం మీద టిక్కు పెట్టేశాడు.

బిగించింది దండాసి. మన వైపు మనిషే, మందస. నాన్న వయసు. నేనొచ్చిన కొత్తలో జ్వరమొస్తే చారు కాచి పెట్టాడు. హిందీ రాదు. కారు తెచ్చిన మనిషీ, మా గ్యారేజీ ఓనరూ నిలబడి ఉండగా నావైపు తిరిగి, "ఏటి బాబూ, టాంకులో పంపు సూసినావా? పైది ఎంత పెద్దదైతే ఏటి, కిందది అందియ్యకపోతే ఎండిపోద్ది. ఆపమని సెప్పు ఆలకి" అన్నాడు.

"ఏమంటున్నాడు?" అన్నాడు ఓనరు.

నేనిక్కడ విశాఖపట్నం వాడినని చెప్పుకు తిరుగుతున్నాను, అన్నయ్యా. "ఆ యాస నాకు అర్థం కాదు సార్" అన్నాను. హిందీలో. గంభీరంగా.

కారును పవర్ కొలిచే రోలర్ల మీద పరిగెత్తించాం. యాక్సిలరేటరు పూర్తిగా తొక్కగానే పెట్రోలు ఒత్తిడి పడిపోయి, ఇంజను టకటక కొట్టుకుని ఆగిపోయింది. ఓనరు దండాసి మీద విరుచుకుపడి, కార్లు కడిగే పనిలో వేశాడు. ఆ మనిషి ఒక్కసారి నా ముఖం చూసి బకెట్టు అందుకున్నాడు. మూడు రోజులు కడిగాడు. ఆ మూడు రోజులూ నేను నోరు విప్పలేదు. భోజనానికి మాత్రం విప్పాను.

నాలుగో రోజు ఓనరు ముందు నిలబడ్డాను. "ఆయన ఆపమన్నాడు. నాకు అర్థమైంది. మాదీ ఆ వైపే" అన్నాను. తిట్లు తిన్నాను, కడుపు నిండా. దండాసిని మళ్ళీ పానాల దగ్గరికి పిలిచారు. టాంకులో పంపు ఆయనే మార్చాడు. కారు బాగుపడింది.

ఆయన దగ్గరికెళ్ళి, "మావా, తప్పయిపోనాది. తిట్టు, పడతాను" అన్నాను.

చేతులు తుడుచుకున్నాడు. కోప్పడలేదు. "పర్వాలేదు సార్" అన్నాడు, వార్తలు చదివేవాళ్ళ తెలుగులో. "మీరు భోజనం చేశారా?"

అప్పటి నుంచీ నాతో అదే తెలుగు, అదే సారు. వీలైతే ఎండు నెత్తళ్ళు పంపు (ఈ పంపుకు పెట్రోలు అక్కర్లేదు). నాకు కాదు, ఆయనకు. తీసుకుంటాడో లేదో.

అమ్మకు ఈ సంగతి చెప్పకు, నా దండాలు మాత్రం చెప్పు. వదినకు నమస్కారాలు, పాపకు ముద్దులు. నువ్వు మాత్రం తిట్టు అన్నయ్యా, మన మాటలోనే తిట్టు. ఇక్కడ తిట్టాల్సినవాడు నాతో ఆ మాటే మానేశాడు.

దీవెనలు అడగడానికి మొహం చెల్లని నీ తమ్ముడు,
ఢిల్లీశ్వరరావు