చీకట్లో అడిగిన మాట

తిరువళ్లూరు, శనివారం

భోంచేస్తుండగా కరెంటు పోయింది. "రసం పోసేదా?" అని మా ఆయన్ను రెండుసార్లు అడిగాను. పలకలేదు. దీపం తెచ్చి మళ్లీ అడిగితే, నా పెదాల వంక చూసి, "కొంచెం పొయ్" అన్నారు. ఇరవై ఏళ్లుగా బ్లాక్ మెటల్ అనే ఆ హోరు సంగీతపు బ్యాండులో డ్రమ్స్ వాయించి ఆయన చెవులు పోగొట్టుకున్నారు. ఎన్నాళ్లుగా నా పెదాలు చూసి నెట్టుకొస్తున్నారో!

రేపు ప్రాక్టీసుకని తిరుత్తణికి బండి మీద పోతారు. దారంతా లారీలే.

"నేనూ వస్తా" అన్నాను.

"ఆ సద్దుకు తలనొస్తాదంటావే, ఇప్పుడేంది మే కొత్తగా?" అని నవ్వారు.

వెనక కూర్చుని, హారన్ వినబడగానే ఆయన భుజం తట్టాలి. సోమవారం ఒక్కరే ఫ్యాక్టరీ పనికి బయలుదేరితే మాత్రం, ఎవరు తడతారు?