రోజాకు వెనక గది

బోధన్ పట్టణంలో బీడీలు చుట్టి బతికిన నేను, చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి కాలం చేసిన బాలనర్సయ్య భార్యను, గోదావరిని, వయస్సు యాభై తొమ్మిది, ఈ వీలునామా రాయిస్తున్నాను. కరోనా తర్వాత నా గుండె పంపింగు బాగా తగ్గిందని నిజామాబాద్ డాక్టరు చెప్పాడు. తెలివి మాత్రం సక్రమంగానే ఉంది. ఎవరి బలవంతమూ లేదు. ఎవరో నేర్పి రాయించారని నా కొడుకు సురేందర్ అనుకోవద్దు.

1. నా స్వార్జితమైన రేకుల ఇంటిలో స్నానాల గదిని ఆనుకొని ఉన్న వెనక గది నా కూతురు రోజాకు సర్వహక్కులతో చెందాలి. ముందు గది సురేందర్‌కు.

2. ఎందుకో కూడా రాయాలి. ఇవన్నీ వీలునామాలో అక్కర్లేదంటున్నాడు రాసే లింబయ్య. రాయమన్నాను. రెండు వేల ఇరవై ఒకటో సంవత్సరంలో నాకూ రోజాకూ ఒకేసారి కరోనా వచ్చింది. తగ్గాక, చాట ముందు కూర్చుంటే రోజా నాకంటే వేగంగా బీడీలు చుట్టేది. లేస్తే మాత్రం కళ్లు తిరుగుతున్నాయని, గుండె దడదడ కొట్టుకుంటోందని గోడ పట్టుకునేది. "కూసుంటె మంచిగనే ఉంటవ్, లేస్తెనే నీకు రోగమా" అన్నది నేనే. పని దొంగ అని వాడకట్టంతా చాటింది నా ఆడబిడ్డ సుమిత్రమ్మ. ఆమెకు ఆ మాట అందించిందీ నేనే. ఒకరోజు బిందె ఇచ్చి పంపితే వీధి నల్లా దగ్గర పడి రెండు పళ్లు విరగ్గొట్టుకుంది. ఆ రోజు కూడా తిట్టాను.

మొన్న ఎండాకాలం నా గుండె చూపించుకోవడానికి ఆమెను తోడు తీసుకెళ్లాను. ఆసుపత్రి చీటీ లైనులో ఆమే పడిపోయింది. డాక్టరు కూర్చోబెట్టి చూస్తే నాడి ఎనభై, నిలబెట్టి చూస్తే నూట నలభై. కరోనా వల్ల కొందరికి ఇట్లా అవుతుందని, అమ్మాయి చెప్పేది నిజమని అన్నాడు. "నాలుగేండ్ల సంది గదే చెప్తున్న గదా అవ్వా" అంది రోజా. అంతే అంది. నేను బస్సులో బోధన్ దాకా ఏడ్చాను.

3. సురేందర్ ఆమెను బరువు మోయమన్నా, పని దొంగ అన్నా, ముందు గది కూడా రోజాదే అవుతుంది.

4. నా వెండి కడియాలు కోడలు శిరీషకు. కళ్లు తిరిగినప్పుడల్లా, అడగకుండానే రోజా చేతికి ఉప్పు వేసిన మజ్జిగ అందించింది ఈ ఇంట్లో ఆమె ఒక్కతే. రోజాను గారాబం చేసి చెడగొడుతున్నావని నేనన్న మాట మనసులో పెట్టుకోకు బిడ్డా.

5. సుమిత్రమ్మ ఎప్పటినుంచో కన్నేసిన ఇత్తడి బిందె ఆమెకే. దాని సొట్ట రోజా పడ్డప్పటిది. బాగు చేయించకుండా ఇవ్వాలి.

6. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత మా పక్కింటి మందుల దుకాణం శేఖర్‌ది. డాక్టరు రమ్మన్నప్పుడల్లా రోజాను ఆటోలో తీసుకెళ్లడం కూడా.

7. నన్ను ఎత్తేటప్పుడు ఇంటిముందు అందరూ లేచి నిలబడతారు. రోజా కూడా లేవాలని చూస్తుంది. అట్లా భయపెట్టి పెంచింది నేనే. లేవనీయకండి. పీట వేసి కూర్చోబెట్టండి. నా బిడ్డ కూర్చునే నన్ను సాగనంపాలి. ఎవరైనా తప్పంటే, తల్లి రాయించి పోయిందని ఈ కాగితం చూపండి.

బోధన్, 14 నవంబరు 2025.

(సంతకం) గోదావరి

సాక్షులు: పోశన్న, గంగుబాయి
రాసినవారు: లింబయ్య