రూతుకి నువ్వు రాసినవి

తమ్ముడూ,

నువ్వున్నప్పటి ఒక ఉదయం గుర్తొస్తోంది; మన కొట్టున్న ఈ నోవై ఊళ్లో మంచు కురుస్తోంది. కొట్టు తెరిచి, న్యూజెర్సీలో మన చెల్లెలు రూతు నడిపే కొట్టుకి పంపాల్సిన ఆవకాయ సీసాలు అట్టపెట్టెలో సర్దాను. నువ్వు కౌంటర్ మీద వంగి ఎప్పటిలాగే తనకి ఉత్తరం రాశావు. పైన ధరలు, కింద ఇంటి కబుర్లు. మడిచి సీసాల మధ్య పెట్టి, "అక్కా, టేపు వెయ్యి" అన్నావు. వేశాను.

నువ్వు ప్రభువు దగ్గరికి వెళ్లి నేటికి ఏడాది. పంతొమ్మిదో శతాబ్దంలో ఇక్కడ కొట్లు నడిపినవాళ్ల ఉత్తరాలు ఈ మధ్య ఊరి మ్యూజియంలో పెట్టారు. ఒక అన్న తమ్ముడికి పిండి ధర రాసి, దాని కిందే పాపకి జ్వరం తగ్గిందని రాశాడు. అచ్చం నీలాగే. నీవి కూడా పక్కన పెడతామని మ్యూజియంవాళ్లు అడిగితే, రూతు దాచుకున్న నీ ఉత్తరాలు తెచ్చింది. మొదటిసారి చదివాను. నాన్న కలలోకి వచ్చాడని, ఒక్కోరోజు భయమేస్తోందని తనకి రాశావు. పక్కనే నిలబడ్డ నాకు చెప్పలేదు. ఈ అసూయ తీసేయమని ప్రార్థించాను. ఇంకా పోలేదు.

"రోజూ వాడి పక్కనే ఉన్నావు కదక్కా, నీకు ఉత్తరమెందుకు? కుళ్లుకుంటున్నావా?" అని రూతు నవ్వింది.

"అవునే," అన్నాను. నవ్వు ఆపేసింది.

సాయంత్రం అందరం కూర్చుని, ఉత్తరాలు మ్యూజియానికి ఇవ్వాలని, పక్కన పెట్టే కార్డు నేనే రాయాలని అనుకున్నాం. రాసింది నువ్వు, అందుకున్నది రూతు అని రాశాను. "మీ పేరు కూడా పెట్టండి వదినా," అంది నీ భార్య. రాసింది నేను కాదు, అందుకున్నదీ నేను కాదు; నా పేరుకి కార్డులో చోటు దొరకలేదు. చివరికి నా పేరు లేకుండానే ఇచ్చేయాలని నిర్ణయించాం.