మిల్ వీధి ఎర్ర గీతను ఇరవై రెండడుగులు జరపమని

లార్చ్‌ఫీల్డ్ నగర మేయరు గారి సముఖానికి,

అయ్యా,

విషయం: మిల్ వీధి పన్ను పెంపు ప్రాంతం పటంలోంచి పన్నెండో నంబరు దుకాణాన్ని తప్పించుట గురించి.

తమ విలువైన కాలాన్ని హరిస్తున్నందుకు, అసలు ఈ ఊళ్ళో పుట్టి తమ పౌరుల సంఖ్యను అకారణంగా ఒకటి పెంచినందుకు, ముందుగా సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను. ఇక మనవి చేసుకునేవి:

1. పన్నెండో నంబరులో మా మేనత్త రూజెనా స్లావిక్ నలభై ఏళ్ళుగా అకార్డియన్లు బాగుచేస్తోంది. కప్పు కారుతోంది. తిత్తి తడిస్తే అకార్డియన్ ఇక ఊపిరి తీయదు. కప్పు మరమ్మతుకు అనుమతి అడగడానికే మార్చిలో తమ కార్యాలయానికి వచ్చాను. కిటికీ ముందు వరుస పెద్దదిగా ఉంటే, పక్క గదిలో ఖాళీ కుర్చీ చూసి కూర్చున్నాను.

2. అది సమీక్షా సంఘం గది. ఇరవై మూడేళ్ళపాటు మిల్ వీధిలో పెరిగే పన్ను బడికీ లైబ్రరీకీ పోకుండా, అక్కడ కట్టబోయే హోటలు పనులకే పోవచ్చునా అని ఆ పన్ను అందుకునే శాఖలవాళ్ళంతా కూడి తేల్చాలట. ప్రజల తరఫున కూడా ఒక సభ్యుడు ఉండాలని చట్టం. గదిలో ప్రజలు నేనొక్కణ్ణే. ఏకగ్రీవంగా ఎన్నికయ్యాను.

3. తరవాత అనుమతి అడిగితే, దుకాణం పటంలో ఎర్ర గీత లోపల ఉంది గనక తమ కౌన్సిల్‌లో సంగతి తేలేదాకా కాయితం కదలదని గుమస్తా ఓడమ్ గారు సెలవిచ్చారు. కప్పు వేయనివ్వరు. కారుతోంది గనక శిథిలమంటారు. శిథిలం గనక కూల్చి, హోటలుకి కార్లు నిలిపే చోటు చేస్తారు. ఇందులో బయటికి తలుపు ఎటుందో తమరే చూపాలి.

4. కన్సల్టెంటు నివేదిక ఎనభై ఎనిమిదో పేజీలో దుకాణం ఫోటో, దాని కింద "శిథిలం; కాలం చెల్లిన వాడుక" అని ఉంది. అత్త కళ్ళద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివి, "ఒరేయ్ వెన్సెల్, ఇది దుకాణం గురించా, నా గురించా?" అంది.

5. ఈ నిధి లేకపోతే ఇక్కడ ఎవరూ ఒక్క మేకైనా కొట్టరని కూడా రాశారు. అత్త సొంతంగా కొన్న మేకులు పెట్టెడు వెనక గదిలో ఉన్నాయి. మోసింది నేనే గనక బరువు కూడా చెప్పగలను.

6. సంఘం నాలుగుకు మూడుగా సరేనంది. అత్త ఈ లెక్క తనకి తోచినట్టు వేసుకుంది. నా పళ్ళెంలో ఇంకో రెండు ఉడికిన ముద్దలు వేస్తూ, "బడివాళ్ళు, లైబ్రరీవాళ్ళు, నువ్వు. మీ ముగ్గురూ నిలబడ్డారు. ఆ నలుగురికీ ఏం పొయ్యేకాలంరా?" అంది. నేను ముద్దలు తిన్నాను.

7. మంగళవారం బహిరంగ విచారణలో ఎవరు ఎటు ఓటేశారో పేర్లతో సహా చదువుతారట. అత్త ముందు వరుసలో కూర్చుంటానంటోంది. పటంలోకి కొత్త స్థలం చేర్చాలంటే మళ్ళీ నోటీసులూ విచారణా కావాలి గానీ, ఉన్నదాన్ని తీసేయడానికి తమ కౌన్సిల్ ఆమోదం చాలునని చట్టంలో చదువుకున్నాను. గీత జరగాల్సింది దుకాణం వెడల్పు, ఇరవై రెండడుగులే. హోటలు పడిపోదు.

కావున ఈ అర్జీని చిత్తగించి, మంగళవారం లోపు గీత జరిపించవలెను.

తమ విధేయుడు,
వెన్సెల్ స్లావిక్
(లార్చ్‌ఫీల్డ్ ప్రజలు)

మళ్ళీ మనవి: కాదన్న మూడోవారు పార్కుల శాఖవారు. నేను నివేదిక విప్పనైనా లేదు. అయిదింటికి అనుమతుల కిటికీ మూసేస్తారని, ఇది తొందరగా తేలితే పరుగెత్తి అత్త కప్పు కాయితం అడగొచ్చని, ఆ నాలుగో చెయ్యి ఎత్తింది నేను.