గాయపాకు రసం, నా కాలి పుండు

మరియమ్మా,

నువ్వు ప్రభువు దగ్గరికి పోయి ఈ పొద్దుకు యాడాది. మన మనవరాలు సుగుణ హిందూపురం కాలేజీ ల్యాబులో నువ్వు దెబ్బలకు కట్టే గాయపాకును పరీక్ష చేసింది. గాజు పళ్లెంలో చీము క్రిములను పెంచి నడిమధ్యలో ఆకు రసం వేస్తే, దాని చుట్టూ క్రిములన్నీ చచ్చి గుండ్రంగా ఖాళీ అయిందంట. ఫోన్లో ఫోటో చూసి "హల్లెలూయా!" అని అరిచినాను.

"అయితే నా కాలి పుండుకు ఆ ఆకే నలిపి కట్టు పాపా" అన్నాను.

"పళ్లెంలో చచ్చింది కాలిలో గూడా చస్తుందని యాడుండాది తాతా? కాలి ఏలు నల్లబడతాండాది. ఆస్పత్రికి పోదాం పా."

ఊరుకుంటానా? బైబిలు తెరిచి, హిజ్కియా రాజు పుండు అంజూరపు పండ్ల ముద్దతో మానిన సంగతి చదివి వినిపించినాను.

"ఆ రాజుకు నీ మాదిరి షుగరుండిందా తాతా?"

ఇన్నేండ్లు మైకు పట్టి ఊరూరా వాక్యం గర్జించినోణ్ణి, బైబిలు మూసి పక్కన పెట్టినాను. వాదించే ఓపిక లేదు. ధర్మవరం ప్రార్థన కూటానికి రాలేనని చెప్పి పంపినాను. రేపు పొద్దున ఆస్పత్రికి పోతాండాము. ఏలు తీసేస్తారేమో.

నువ్వుంటే ముందు ఆకు కట్టి, ఆ కట్టుతోనే నన్ను ఆస్పత్రికి ఈడ్చుకపోయేదానివి. ఇప్పుడు ఆస్పత్రి ఒకటే మిగిలింది.