చక్రం మీద నా పేరు

మంగళవారం, రాత్రి

చర్చికి గోడగడియారం ఇచ్చింది నేను. దాని మీద తన పేరు రాయించుకున్నది మా తమ్ముడు. ఏళ్లు గడిచినా ఆ మంట నాకు చల్లారలేదు.

ఈరోజు మనవరాలు కరుణ ఫోన్లో రెండు చక్రాలు చూపించింది. పందెం సైకిలుకు నా డబ్బుతో వెనక చక్రం కొనాలట. ఒకటి చువ్వలది. రెండోది డిస్కు, చువ్వలు కనబడకుండా పళ్లెంలా మూసేసి ఉంది. అదైతే వేగం ఎక్కువట.

"ఏది బాగున్నాది తాతా?"

"పళ్లెందే. నా పేరు రాయడానికి బోలెడు జాగా ఉన్నాది."

"సక్రం తిరుగుతుంటే పేరు ఎవులికి కనబడతాది తాతా?"

"మీ సిన్నతాత ఇంటికాడ నెమ్మదిగా తొక్కు. సదువుకుంటాడు."

పడీపడీ నవ్వింది. ఆ తర్వాత అసలు మాట చెప్పింది. భావనపాడు రోడ్డులో సముద్రపు గాలి పక్కనుంచి కొడితే డిస్కు సైకిలును కాస్త తోస్తుందట. పిల్ల చూస్తే గాలికే ఎగిరిపోయేలా ఉంటుంది. నా పేరుతో సహా రోడ్డు పక్క కాలువలో పడితే?

"సువ్వలదే కొను" అనేశాను.

అన్నాను గాని, చువ్వల మీద పేరు ఎలా పడుతుంది? అయినా ఆ చక్రం అంచు కాస్త వెడల్పుగానే ఉంది. ఇంటిపేరు తీసేసినా ఒప్పుకుంటాను. రాయిస్తుందో లేదో ఆదివారం ఆరాధనకు వెళ్లి ఆ గడియారం చూడకముందే కరుణ నాకు తేల్చి చెప్పాలి.